బుగులన్నవాడు చివర నడవాలి

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఈ లోతుకు చంద్రుడు రాడు. అయినా తిథే రాస్తాను. నాలుగో వాడ దినచర్య పుస్తకంలో తేదీని అంకెల్లోనే వేయాలని ఆఫీసువారు చెప్పి పంపుతూనే ఉన్నారు. నేను వేయను. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకోవచ్చు. తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాయగలిగినవాడు ఈ కిందూరు మొత్తంలో మరొకడు దొరికితే కదా.

లోపలికి గాలి తోలే గాలిమర జాలీ తుడిచాను. నల్లటి జిడ్డు, ఎప్పటిలాగే. గాలి బాగుందో లేదో చూపే ముల్లు పచ్చగీత మీద ఉంది, అంటే బాగుంది. మూడో స్తంభం దగ్గర కప్పు నుంచి కారే నీళ్ళు గిన్నెలో పట్టి రుచి చూశాను. ఇనుము రుచి. పుట్టగొడుగుల మళ్ళు తెల్లగా, నిండుగా ఉన్నాయి. మమ్మల్నందరినీ ఈ కిందికి దింపిన పై ఎండ ఇంకా తగ్గలేదు. పొద్దున లిఫ్టు పైతలుపు గొళ్ళెం పట్టుకున్న కాపలా ఓదెలుకు అరచెయ్యి బొబ్బలెక్కింది.

ఆఫీసు అడిగేవి ఇంతవరకే. మిగిలింది నేను రాసుకునేది.

పుట్టగొడుగులు కోసే ఆడవాళ్ళ ముఠాకు పోసక్క పెద్ద. నోరు ఊరుకోదు. ఇవాళ కూడా కోతమధ్యలో ఎవరినో ఆటపట్టిస్తోంది: "నీ మొగడు గాలిమరకే గురక నేర్పిండే, వానికి జీతం ఎక్కువియ్యాలె." అందరూ నవ్వుతుంటే ఆమె మాట సగంలో ఆగింది. కత్తి చేతిలో అలాగే ఉండిపోయింది.

"బుగులైతాంది," అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు కత్తులు మడిచి, తట్టలు నెత్తికెత్తుకుని వరసగా బయటికి నడిచారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎవరూ పరుగెత్తలేదు. అందరూ దాటాక, చివరగా పోసక్క నడిచింది. ఇప్పుడు అందరూ మూడో వాడ అరుగుల మీద కూర్చుని ఉన్నారు.

ఈ చోటు బొగ్గు బాయిగా, అంటే గనిగా, ఉన్న కాలం నుంచి వచ్చిన ఆచారం ఇది. ఈ వాడలోవాళ్ళు ఆ బాయి పనివాళ్ళ మనుమలు, మునిమనుమలు. వాళ్ళలో ఎవరైనా సరే బుగులైతోందని, భయమేస్తోందని అంటే చాలు, ముఠా మొత్తం లేవాలి. కారణం అడగకూడదు. నవ్వకూడదు. ఉరకకూడదు. అన్నవాడు చివర నడవాలి. కప్పు నిజంగానే కూలితే మొదట దొరికేది వాడే కాబట్టి ఆ మాటను ఎవరూ సరదాకు అనరు. మళ్ళీ అదే నోటితో వాడే "పోయింది" అన్నాకే అందరూ తిరిగి లోపలికి వెళ్ళాలి. ఏమీ కూలకపోయినా వాణ్ణి ఒక్క మాట అనకూడదు. మనుషులు మనుషుల కోసం కనిపెట్టిన వాటిల్లో ఇంతకంటే మర్యాదైనది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివినవి తక్కువేమీ కాదు.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

నిన్న పోసక్క "పోయింది" అంది, అందరూ పనిలోకి వెళ్ళారు. ఏమీ కూలలేదు. ఇవాళ మనశ్శాంతి కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. పని ఆగినందుకు. కింద సంతకం డాక్టర్ నరహరిది.

కిందూరులో మందు పొగ పెట్టె లేని వాడ మాది ఒక్కటే. ఇక మాకూ పెట్టె బిగిస్తారట. ఆ పెట్టెను మిగతా వాడల్లో గోడగోడకూ బిగించారు. మనసు బాగాలేనివాళ్ళు దాని ముందు నిలబడి ఐదు మాటల్లో ఒకటి పలకాలి: టెన్షన్, స్ట్రెస్, యాంగ్జైటీ, ప్యానిక్, డిప్రెషన్. మాటకు తగిన పొగ వస్తుంది. టెన్షన్‌కు తెల్లది, యాంగ్జైటీకి పసుపుది. పీల్చినవాడు నవ్వుకుంటూ పనికి పోతాడు. పెట్టెకు తెలియని మాట అన్నవాళ్ళకు కేంద్రం మనుషులే వచ్చి మాస్కు తొడిగి పసుపు పొగ పట్టిస్తారు. తెలియని మాటలన్నీ యాంగ్జైటీ కిందికే వస్తాయని నరహరి సిద్ధాంతం.

ఆ ఐదు మాటలు ఖరారు చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. వందకు పైగా మాటలు రాసి ఇచ్చాను. ఒక్కొక్కటీ ఏ ఊళ్ళో, ఎవరి నోట, ఏ సందర్భంలో విన్నానో కూడా రాశాను. నరహరి వాటిని తిరగేసి, నా వైపు తిరిగి, "వంద మాటలకు వంద మందులు యాడికెళ్ళి తేవాలె అనంతం?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. వాళ్ళలో ముగ్గురు పోయారు. సంతాప సభలకు నేను వెళ్ళలేదు.

ఇంగ్లీషు మీద నాకు పగ లేదు. నరహరి కంటే నాలుగు పుస్తకాలు ఎక్కువే చదివాను. మా అమ్మ కూడా పాలు విరిగితే "టెన్షనైతాంది" అనేది. ఆమె నోట అది తెలుగే. కాని పుట్టుకలు చూడండి. టెన్షన్ తాడుకు ఉండేది. స్ట్రెస్ దూలానికి. ప్రెషర్ ఆవిరికి, బ్రేక్‌డౌన్ యంత్రానికి. యాంగ్జైటీ వెనకున్న లాటిన్ మాటకు అర్థం గొంతు నొక్కడం. వర్రీ కూడా మొదట్లో పీక పిసకడమే. ఇనుము మధ్య బతికిన జనం తమ లోపలి అవస్థకు ఇనుము పేర్లు పెట్టుకున్నారు; వాళ్ళ బతుకు, వాళ్ళ మాట. ఇక్కడ జరిగింది వేరు. మనుషుల్లోని స్ట్రెస్ పట్టుకోవడానికి ప్రతి గోడకూ ఒక పెట్టె ఉంది. దూలాల మీది స్ట్రెస్ కొలిచే ఆయన రిటైరైతే ఆ ఉద్యోగమే ఎత్తేశారు.

మన మాటలకు ఒక్కోదానికి ఒక్కో ఆధారం కావాలి. బెంగకు దూరంగా ఉన్న మనిషి కావాలి. రందికి రాబోయే రేపు కావాలి. గాబరాకు వేళ మించిపోవాలి. బుగులుకు కావలసింది చోటు. పైకి చూస్తే అది వట్టి భయమే. కాని ఈ బాయిలో బుగులు మనిషిలో పుట్టదు, చోటులో ఉంటుంది, మనిషికి తగులుతుంది. కాబట్టి బుగులన్నవాణ్ణి వైద్యుడి దగ్గరికి తీసుకుపోతే లాభం లేదు. ఆ చోటు నుంచి అందరినీ తీసుకుపోవాలి. ఈ సంగతి కమిటీకి వివరించి చెప్పాను. "కవిత్వం బాగుంది" అన్నారు.

గాలి ముల్లు పచ్చగీత మీదే ఉంది.

జ్యేష్ఠ శుద్ధ అష్టమి

మూడో స్తంభం దగ్గర నీటి ధార సన్నబడింది. గిన్నె నిండటానికి పూట పట్టింది. జాలీ తుడిచాను.

నరహరి స్వయంగా వచ్చాడు. పెట్టెలు ఎక్కడ బిగించాలో చూసుకోవడానికట. నేను గాలిమర పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"కూసో అనవా?" అన్నాడు.

"స్టూలు ఒక్కటే ఉన్నది."

పుట్టగొడుగుల తట్ట ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. తృప్తిగా చూశాను.

"నువ్వు జర గూడ మారలే అనంతం."

"నువ్వు మారినవు. బాగ ఒళ్ళు చేసినవు."

నవ్వాడు. పొగ నవ్వు కాదు, సొంత నవ్వే. నరహరి తన మందు తాను తీసుకోడు, అందరికీ తెలుసు.

"పోసక్క ముఠా బుగులని లేసిపోయినప్పుడల్లా నువ్వు రాసినవు. నేను మొత్తం చదివిన," అన్నాడు. "ఒక్కసారన్న కూలిందా?"

"కూలలే."

"మరి?"

"కుక్క మొరిగినప్పుడల్లా దొంగ రావాల్నా?"

అతను పైకి, కప్పు వైపు చూస్తూ అన్నాడు: "రెండో వాడల గిట్లనే ఎవడో బుగులన్నడు. అందరు లిఫ్టు దిక్కు ఉరికిన్రు. భారతి గేటు కాడ పడ్డది. ఏం కూలలే అనంతం. ఒక్క పెళ్ళ రాలలే. మనుషులే కూలిన్రు."

భారతి అతని భార్య. మంచి మనిషి. మా ఇంటికి వస్తే పుస్తకం చేతికిచ్చేదాకా కదిలేది కాదు. ఆ మాట అతనితో అనలేదు. అంటే అతనికి కొంత ఊరట కలిగేది.

"ఉరికినోళ్ళు పట్నం నుంచి దిగినోళ్ళు," అన్నాను. "ఉరుకవద్దు, నడువాలె అని వాళ్ళకెవ్వడు చెప్పిండు? నేను చెప్తనంటె నీ కమిటీ చెప్పనిచ్చిందా? రాసిచ్చిన పుస్తకం అచ్చెయ్యనిచ్చిందా?"

"నువ్వు నా పెండ్లాం సావు గురించి మాట్లాడుతున్నవా, నీ పుస్తకం గురించా?"

అతను లేచి, చెయ్యి ఆసరాగా మూడో స్తంభం మీద ఆనించాడు. కాసేపు అలాగే ఆనించి ఉంచాడు. తర్వాత చెయ్యి తీసి, అరచెయ్యి చూసుకుని వెళ్ళిపోయాడు.

జ్యేష్ఠ శుద్ధ దశమి

ధార ఇంకా సన్నబడింది. చుక్కలు మాత్రమే. గాలి ముల్లు బాగానే ఉంది.

ఇవాళ పెట్టె ప్రారంభోత్సవం. నరహరి ఇద్దరు సహాయకులతో వచ్చాడు. ఆడవాళ్ళు కోత ఆపి మళ్ళ గట్ల మీద కూర్చున్నారు. పోసక్క ముందు వరసలో.

"అమ్మా, ఇగ మీకు మనసు బాగలేకుంటె పని ఇడిచి పోవుడు అవసరం లేదు," అని మొదలుపెట్టాడు నరహరి. "గీ పెట్టె ముందట నిలబడి ఒక్క మాట అంటె సాలు."

"ఏమనాలె సారూ?" అంది పోసక్క. "మా ఆయన రాత్రి కల్లు తాగొచ్చిండంటె దానికేం పొగొస్తది?"

"నీకు స్ట్రెస్, ఆయనకు గడ్డి," అని ఎవరో వెనకనుంచి అన్నారు. నరహరి కూడా నవ్వాడు. నవ్వుతూనే పెట్టె మీట నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. మాట చెప్పడానికి నోరు తెరిచాడు.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. చెయ్యి మెల్లగా గోడకు చేరింది. కప్పు వైపు చూశాడు, మళ్ళీ ఆడవాళ్ళ వైపు.

"బుగులైతాంది," అన్నాడు.

"క్షమించండి," అంది పెట్టె, తియ్యటి గొంతుతో. "ఈ మాట నాకు అర్థం కాలేదు. దయచేసి ఐదింటిలో ఒకటి ఎంచుకోండి."

ఆడవాళ్ళు లేచారు. ఒక్కరూ నవ్వలేదు. అన్నది ఎవరన్నది వాళ్ళకు అక్కర్లేదు. పోసక్క ఆ సహాయకుల్లో ఒకడి మోచెయ్యి పట్టుకుని, "నడువు బిడ్డా, అడుగొద్దు, నడువు," అంటూ తీసుకుపోయింది. వాడలో మేమిద్దరమే మిగిలాం. నేను స్టూలు మీద నుంచి లేవలేదు.

"లే అనంతం."

"ఎందుకు?"

ఈ దినచర్యలోనే వారం కింద నేనే రాశాను, కారణం అడగకూడదని. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం అందరితో గొడవపడ్డాను. మొదటిసారి నా వంతు వస్తే నా నోట వచ్చింది అదే.

"ఎందుకో ఎర్కుంటె అది బుగులెట్లైతది?" అన్నాడు నరహరి.

"నీ పెట్టెకు చెప్పుకోరాదు. యాంగ్జైటీ అను. పసుపు పొగ ఇస్తది."

"నువ్వు లేవనిది నేను కదలరాదు. నేను చివర నడువాలె."

"అది నా రూలు. నీకెప్పటి సంది పట్టింది?"

"గిప్పటి సంది."

తట్ట మీద కూర్చున్నాడు. చెమటలు కారుతున్నాయి. పోవచ్చు అతను. చూసేవాళ్ళెవరూ లేరు, నేను తప్ప. నేను కోరుకున్నది కూడా అదే. అతను ఆచారం తప్పి తలుపు వైపు పరుగెత్తితే చూసి, ఆ దృశ్యాన్ని ఇక్కడ పూసగుచ్చినట్టు రాయాలని. అతను కదలలేదు. బతిమాలలేదు కూడా. అప్పుడప్పుడు కప్పు వైపు చూస్తున్నాడు, అంతే.

"ఒక్క మాట చెప్త," అన్నాడు కొంతసేపటికి. "బయట మావోళ్ళు మాస్కు పట్టుకుని ఉంటరు. నేను రాసిన ఉత్తర్వే, నాకు మినహాయింపు లేదు. నా మందు సంగతి నాకెర్క. రేపటికల్లా నేనే నవ్వుకుంట వచ్చి, పోయిందని అంటను. నమ్మకు. వీళ్ళను లోపటికి రానియ్యకు."

"నా మాట ఎవరింటరు?"

"నీకే చెప్పాలె. నన్ను నమ్మనోడివి నువ్వొక్కనివే."

మోకాలు తిమ్మిరెక్కింది కాబట్టి లేచాను. అలాగే రాస్తున్నాను, అలాగే చదువుకోండి. నేను ముందు నడిచాను. అతను చివర నడిచాడు. తలుపు దాటగానే సహాయకులు అతని ముఖానికి మాస్కు తొడిగారు. అతను ఎదురు తిరగలేదు. పసుపు రంగు గాజులోంచి నా వైపే చూస్తూ పీల్చాడు. మూడో ఊపిరికి ఆ చూపు నా మీద లేదు.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

వాడంతా మూడో వాడ అరుగుల మీదే రాత్రి గడిపింది. నేను పొద్దున్నే లోపలికి వెళ్ళి గాలి ముల్లు చూసి వచ్చాను. పచ్చగీత. మూడో స్తంభం దగ్గర గిన్నె ఎండిపోయింది. చుక్క లేదు. కప్పు తడి ఎటు పోయిందో తెలియదు. నీటి కొరత కింద రాసుకోవచ్చు.

మధ్యాహ్నం నరహరి వచ్చాడు. చెప్పినట్టే నవ్వుకుంటూ. కొత్తగా పెళ్ళైనవాడిలా ఉన్నాడు.

"డాక్టర్ సారూ, బుగులెట్లున్నది?" అని లేచి నిలబడింది పోసక్క.

"బుగులా? అది పోయింది. పోయింది పోయింది. చిన్న యాంగ్జైటీ."

అన్న నోటితోనే అన్నాడు. ఆచారం తీరిపోయింది. ఆడవాళ్ళు తట్టలు అందుకున్నారు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"పోవద్దు. ఆయన నిన్న నాతోని చెప్పిండు, రేపు పోయిందని అంటను, నమ్మొద్దని. అది పొగ మాట."

పోసక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "అన్నాయనే పోయిందన్నంక అడ్డమేంది సారూ? బుగులన్ననాడు ఎందుకని అడుగొద్దు, పోయిందన్ననాడు ఎట్లని అడుగొద్దు. పిల్లలకు నువ్వే నేర్పితివి."

"ఇది వేరు పోసక్కా."

"ఏం వేరు? నీకు డాక్టర్ సారంటె కడుపుల మంట. గది వాడకంత ఎర్కే. ఆయన కుడి అంటె నువ్వు ఎడమంటవు. పిల్లలు అరుగుల మీద పడుకున్నరు, మళ్ళల్ల పంట మురుగుతాంది. జరుగు సారూ."

నరహరిని భుజం పట్టి కుదిపాను. "చెప్పు వీళ్ళకు. నిన్న ఏం చెప్పినవో చెప్పు."

అతను నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. "నువ్వు గెలిచినవు అనంతం," అన్నాడు ప్రేమగా. "దేంట్ల గెలిచినవో యాదికొస్తలేదు గని, నువ్వే గెలిచినవు."

ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట. ఓడినవాడికి ఓడినట్టు తెలియదు. అడవిలో ఒంటరిగా కిరీటం పెట్టుకున్నట్టుంది.

"భారతి యాదికున్నదా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"ఉన్నది, ఉన్నది. పాపం, పడ్డది," అన్నాడు. అదే నవ్వు.

అందరూ నాలుగో వాడలోకి వెళ్ళిపోయారు. మంచాలు వాల్చారు. పొయ్యిలు వెలిగాయి. నరహరిని నేను ద్వేషించిన ఏళ్ళలో ఒక్క రోజు తక్కువ ద్వేషించి ఉంటే ఇవాళ నా మాట వినేవాళ్ళేమో.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

ఇది ఆఫీసువారు చదివేది నెలాఖరున. అప్పటికి అయ్యేదేదో అయిపోయి ఉంటుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నాకు బుగులు లేదు. జీవితంలో ఎన్నడూ తగల్లేదు. దాని గురించి నలభై పేజీలు రాశాను, అది ఎవరికి ఎలా తగిలిందో వాళ్ళ నోటితో విని రాసుకున్నాను. నాకు మాత్రం ఏ చోటూ ఏమీ చెప్పలేదు. పుస్తకాలు చదివేవాడి కళ్ళు ఎప్పుడూ పేజీ మీదే ఉంటాయి, కప్పు మీద ఉండవు.

ఇవాళ కోత మొదలయ్యాక లేచి మూడో స్తంభం దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేట్టు అన్నాను.

"బుగులైతాంది."

కత్తులు ఆగాయి. పోసక్క చేతిలో సగం కోసిన పుట్టగొడుగు ఉంది. నా ముఖం చూసింది. నిన్న అడ్డం నిలబడినవాడు ఇవాళ బుగులంటున్నాడు. ఇది అబద్ధమని పసిపిల్ల కూడా పట్టేస్తుంది. ఎందుకని అడిగే మాట ఆమె పెదాల దాకా వచ్చింది.

అడగలేదు. పుట్టగొడుగును తట్టలో వేసి, కత్తి మడిచి లేచింది. ఆమె లేస్తే అందరూ లేచారు. మంచాల్లోని పిల్లల్ని చంకనేసుకున్నారు. పొయ్యి మీది కుండలు పొయ్యి మీదే వదిలేశారు. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఒక్కొక్కరే దాటుతుంటే చూశాను. మొన్న నేను నరహరిని అడిగిన మాట వీళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు.

వాడ ఖాళీ అయ్యాక స్తంభం మీద చెయ్యి వేసి చూశాను. ఎండిన గిన్నె వైపు చూశాను. చెవి ఆనించాను. ఏమీ లేదు. రాయి రాయిలాగే ఉంది. చివర నడిచాను.

మూడో వాడ అరుగు మీద పోసక్క నా పక్కన వచ్చి కూర్చుంది. సాయంత్రం కేంద్రం వాళ్ళు మాస్కు తీసుకుని వస్తారని కబురు వచ్చింది.

"పోసక్కా, ఒక మాట విను. పొగ పీల్చినంక నేను వచ్చి, పోయిందని అంటను."

"ఊఁ."

"అది నేనన్నట్టు కాదు. పొగ పీల్చినోని మాట లెక్కల పెట్టొద్దు. ఇది కొత్త రూలు. తాతల కాలంల పొగ లేదు కాబట్టి వాళ్ళు పెట్టలే."

ఆమె నా వైపు తిరిగి, "నిన్న డాక్టర్ సారు గురించి చెప్పింది గూడ గిదేనా?" అంది.

"గిదే."

"మరి గప్పుడు గింత మెల్లగ ఎందుకు చెప్పలే సారూ? ఎప్పుడు సూసినా కొట్లాటకొచ్చినట్టె మాట్లాడితివి, మాకెట్ల తెలుస్తది?"

"పొగ పట్టిందో లేదో నా మొఖం చూసి గుర్తుపడ్తవా?" అని అడిగాను.

పోసక్క ఫక్కున నవ్వింది. "అదేం కష్టం? నువ్వు నవ్వంగ మా వాడల ఎవలన్న సూసిన్రా? నవ్వుకుంట వచ్చినవంటె అది నువ్వు కాదు."

ఈ చేదంతా ఇన్నాళ్ళు మోసినందుకు దొరికిన ఒకే ఒక్క ప్రయోజనం ఇది.

అరుగుల మీద అందరూ నా వైపే చూస్తున్నారు. గుండె దడదడలాడుతోంది. ఇది బుగులు కాదు. రేపు నా నోరు ఏం వాగుతుందోనని పుట్టింది కాబట్టి దీన్ని రంది అనాలి. తేడా తెలిసినవాడు రాసి పెడుతున్నాడు. మాస్కు వాళ్ళ అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

తేదీ: 9-6-41

గాలి ముల్లు బాగుంది. ఈ రోజు చాలా బాగుంది. తేదీని అంకెల్లో వేశాను. ఆఫీసువారు చెప్పింది సబబే, అంకెల్లో చక్కగా ఉంది.

పొద్దున డాక్టర్ నరహరి గారూ నేనూ కలిసి టీ తాగాం. ఆయన మంచి స్నేహితుడు. మేమిద్దరం ఎందుకో కొంతకాలం మాట్లాడుకోలేదట. ఎందుకో ఇద్దరికీ గుర్తు లేదు. చాలా నవ్వుకున్నాం.

తర్వాత మూడో వాడకు వెళ్ళి, నాకు యాంగ్జైటీ ఉండింది, పోయింది, ఇంటికి పదండి అని అందరికీ చెప్పాను. పోసక్క నా ముఖం చూసింది. ఎందుకో కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరూ లేవలేదు. రెండుసార్లు, మూడుసార్లు చెప్పాను, నవ్వుతూనే చెప్పాను. ఒక్కరూ లేవలేదు. వాళ్ళకు పెట్టె అవసరం ఉందని డాక్టర్ గారికి చెప్పాలి.

మధ్యాహ్నం భోజనాల వేళ నాలుగో వాడ వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. నేల అదిరింది. దీపాలు ఆరిపోయి మళ్ళీ వెలిగాయి. తలుపులోంచి నల్లటి దుమ్ము మేఘంలా వచ్చి అందరి మీదా పడింది. పిల్లలు ఏడ్చారు. పోసక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదలలేదు.

నాలుగో వాడ లేదు. జాలీ తుడిచే పని కూడా లేదు.

దుమ్ము ముఖం మీద చల్లగా, మెత్తగా ఉంది. టెన్షన్ ఏమీ లేదు.